మిల్లు పోయినా మస్టరు మిగలాలి

బెల్‌ఫాస్ట్ అనగానే మనవాళ్లకు టైటానిక్ గుర్తొస్తుంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్లమంటారు. తప్పులేదు, చూడాల్సిందే. కానీ ఓడల కంటే ముందే ఈ ఊరిని నిలబెట్టింది దారం. మొదట పత్తి దారం, ఆ తర్వాత అవిసె మొక్క నార నుంచి తీసిన లినెన్ దారం. ఒకప్పుడు ఈ ఊరికి 'లినెనోపోలిస్' అని పేరు. ఆ మిల్లుల్లో చాలావరకు ఇప్పుడు లేవు. మిగిలిన కొన్ని అపార్ట్‌మెంట్లుగా, ఆఫీసులుగా మారాయి. అలా మార్చే సైట్లలో పనిచేసినవాళ్లం మాలో కొందరం ఉన్నాం.

మాలో ఎక్కువమంది పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, హైదరాబాద్ సైట్లలో కొన్నాళ్లు, గల్ఫ్‌లో కొన్నాళ్లు పనిచేసి ఇక్కడికి చేరినవాళ్లం. మా ఊళ్లు గుంటూరు, ఆదోని, వరంగల్ వైపు. అంటే అన్నీ పత్తి ఊళ్లే. ఊరి చివర జిన్నింగ్ మిల్లు, సీజన్‌లో దాని ముందు బారులు తీరిన బళ్లు, గాల్లో తేలే దూది చూస్తూ పెరిగాం. అందుకే ఇక్కడి మిల్లుల కథ వింటే పరాయి కథలా అనిపించదు. ఆ కథలో మన ఊళ్లకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. అది చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు.

పత్తితోనే మొదలు

బెల్‌ఫాస్ట్‌లో పత్తి వడకడం మొదలైంది ఒక అనాథ శరణాలయంలో అంటే నమ్మబుద్ధి కాదు. క్లిఫ్టన్ హౌస్ అని 1774లో కట్టడం పూర్తయిన భవనం ఇప్పటికీ ఉంది. పేదలకు, దిక్కులేని పిల్లలకు ఆశ్రయమివ్వడానికి కట్టింది. 1770ల చివర్లో రాబర్ట్ జాయ్, థామస్ మెక్‌కేబ్ అనే ఇద్దరు అక్కడ నూలు వడికే యంత్రాలు పెట్టించి పిల్లలకు పని నేర్పించారు. 1784లో నికొలస్ గ్రిమ్‌షా అనే ఆయన ఊరికి ఉత్తరాన వైట్‌హౌస్ దగ్గర నీటి బలంతో నడిచే నూలు మిల్లు కట్టాడు. ఆ తర్వాత వాగు కనిపించిన చోటల్లా మిల్లే. బెల్‌ఫాస్ట్ అన్న పేరులోనే ఫార్సెట్ అనే వాగు ఉంది. ఇప్పుడు దాన్ని హై స్ట్రీట్ రోడ్డు కింద కప్పేశారు. బస్సు కోసం నిలబడేవాళ్ల కాళ్ల కింద అది పారుతూనే ఉంటుంది.

ఈ మెక్‌కేబ్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1786లో బెల్‌ఫాస్ట్ వ్యాపారులు కొందరు బానిసల రవాణాకు ఓడల కంపెనీ పెడదామంటే గట్టిగా అడ్డుపడిన మనిషి ఆయన. కంపెనీ పుట్టలేదు. కానీ ఆ రోజుల్లో ఈ దీవులకు వచ్చే పత్తిలో పెద్ద భాగం వెస్టిండీస్ తోటల్లో బానిసల చేత పండించిందే. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ పత్తిలోంచి గింజ వేరుచేసే జిన్ను తయారుచేశాక అమెరికాలో పత్తి సాగు ఎన్నో రెట్లు పెరిగింది. పని తగ్గించాల్సిన యంత్రం బానిసల సంఖ్యను పెంచింది. మంచివాడైన మిల్లు యజమాని కూడా తన బేలు వెనక ఎవరి చేతులున్నాయో లెక్కలో రాసుకోలేదు. ఈ లెక్క మాటే మళ్లీ మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కాలిన చోటే కొత్త మిల్లు

బెల్‌ఫాస్ట్ నూలు కుటుంబాల్లో పెద్ద పేరు మల్‌హాలండ్‌లది. యార్క్ స్ట్రీట్‌లో వాళ్ల నూలు మిల్లు 1828 జూన్‌లో కాలిపోయింది. అప్పటికే లాంకషైర్ మిల్లుల పోటీకి ఇక్కడి పత్తి వ్యాపారం నీరసించింది. ఇంకొకరైతే స్థలం అమ్ముకుని పోయేవారు. వాళ్లు మాత్రం చుట్టూ ఏం పండుతోందో చూశారు. అల్‌స్టర్ రైతు పండించేది అవిసె. ఆ నారను సముద్రం దాటించి ఇంగ్లాండ్‌లో వడికించి, దారంగా మళ్లీ ఇక్కడికే తెచ్చుకుంటున్నారు. 1825లో జేమ్స్ కే అనే ఆయన అవిసె నారను నీళ్లలో నానబెట్టి సన్నగా వడికే పద్ధతి కనిపెట్టాడు. ఇంకేం, కాలిన చోటే 1830లో అవిసె మిల్లు మొదలుపెట్టారు. చూసినవాళ్లంతా అదే దారి పట్టారు.

1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం. పత్తి రావడం ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు మూతపడి కార్మికులు పస్తులుంటే, బెల్‌ఫాస్ట్ లినెన్‌కు గిరాకీ పెరిగింది. అదే సమయంలో మన దేశంలో పత్తి ధర ఆకాశానికెక్కింది. యుద్ధం అయిపోగానే కిందపడింది. ఎక్కడో తుపాకీ పేలితే ఒకచోట మిల్లు మూతపడటం, ఇంకోచోట రైతు నాలుగు డబ్బులు చూసి మళ్లీ అప్పుల్లో పడటం కొత్త సంగతి కాదన్నమాట.

మల్‌హాలండ్‌లు బాగా ఎదిగారు. ఆండ్రూ మల్‌హాలండ్ 1845లో ఈ నగర మేయరయ్యాడు. 1862లో తెరిచిన అల్‌స్టర్ హాల్‌కు ఆయన ఇచ్చిన పెద్ద ఆర్గాన్ వాద్యం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. కొడుకు జాన్ 1892లో లార్డ్ డన్‌లీత్ అయ్యాడు.

లగాన్ ఒడ్డున

నది ఒడ్డు మిల్లు అంటే మాత్రం హిల్డెన్ చూడాలి. బెల్‌ఫాస్ట్ మధ్యలోంచి పారే లగాన్ నది వెంట ఎగువకు పోతే లిస్‌బర్న్ ఊరి పక్కన ఉంటుంది. ఇది బార్బర్ కుటుంబానిది. జాన్ బార్బర్ స్కాట్లాండ్‌లోని పెయిస్లీ నుంచి వచ్చి 1784లో లిస్‌బర్న్ దగ్గర దారం పని మొదలుపెట్టాడు. ఆయనా మనలాగే పొట్టచేత పట్టుకుని నీళ్లు దాటి వచ్చినవాడే. కాకపోతే చేతిలో పెట్టుబడి ఉంది. తర్వాతి తరంలో విలియం బార్బర్ హిల్డెన్‌కు మారి నీటి బలంతో మిల్లు నడిపాడు. మనవల కాలానికి అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం పాటర్సన్‌లోనూ మిల్లు పెట్టారు. 1898లో పుట్టిన లినెన్ థ్రెడ్ కంపెనీకి వెన్నెముక వీళ్లే. చెప్పులు కుట్టే దారం, పుస్తకాలు కుట్టే దారం, చేపల వలల దారం, అన్నీ ఇక్కడివే.

మిల్లు మంచి ఊపుమీదున్నప్పుడు సుమారు 2 వేలమంది పనిచేశారు. వాళ్లకోసం బార్బర్‌లు ఒక ఊరే కట్టారు. మూడొందలకు పైగా ఇళ్లు, బడులు, సమావేశాల హాలు. మంచి పనే. అయితే ఇల్లు యజమానిది అయినప్పుడు పని పోతే ఇల్లూ పోతుంది. గల్ఫ్‌లో కంపెనీ క్యాంపుల్లో బతికినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ మిల్లు 2006లో మూతపడింది. చివరికి వందమంది కూడా మిగల్లేదు. నైలాన్, పాలిస్టర్ వచ్చాక లినెన్ దారం అడిగేవాళ్లు తగ్గారు. అంతకు రెండేళ్ల ముందే, 2004లో, టైరోన్ కౌంటీలో మోర్న్ నది ఒడ్డున సయాన్ మిల్స్ ఆగిపోయింది. అది 1835లో బెల్‌ఫాస్ట్ నుంచి వెళ్లిన హెర్డ్‌మన్ సోదరులు పెట్టిన మిల్లు. నూట డెబ్భై ఏళ్ల దాకా నడిచింది.

ఇంత పెద్ద మిల్లులే కాదు. అల్‌స్టర్ పల్లెల్లో వాగుకొకటి చొప్పున చిన్న మిల్లులు కూడా ఉండేవి. అవిసె కాడలను గుంటల్లో నానబెట్టి, ఆరబెట్టి, నీటిచక్రంతో తిరిగే చెక్క రెక్కల దగ్గర పట్టుకుంటే బెరడు రాలిపోయి నార మిగులుతుంది. మనకు జిన్నింగ్ మిల్లు ఎలాగో వీళ్లకు ఇది అలాగ. అక్కడ గింజ నుంచి దూది, ఇక్కడ కాడ నుంచి నార. తండ్రీకొడుకులు, పక్కింటివాళ్లు కలిసి పంట కోసిన నెలల్లో నడుపుకునేవారు. దుమ్ము ఒకటే, నిప్పు భయం ఒకటే, ఏమరితే చెయ్యి పోవడమూ ఒకటే. బెల్‌ఫాస్ట్ పక్కన కల్ట్రాలోని అల్‌స్టర్ ఫోక్ మ్యూజియంలో అలాంటి మిల్లొకటి తెచ్చి నిలబెట్టారు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

పాడితే జరిమానా

ఇప్పటిదాకా చెప్పిన పేర్లన్నీ యజమానులవి. మరి దారం వడికిందెవరు? ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. వేడినీళ్ల తొట్ల పక్కన, తడి నేలమీద, చెప్పుల్లేకుండా రోజంతా నిలబడి పనిచేశారు. 'హాఫ్ టైమర్లు' అని పిల్లలు ఉండేవారు. సగం సమయం మిల్లు, సగం సమయం బడి. 1874 చట్టంతో కనీస వయసు పదేళ్లయింది, 1891లో పదకొండు, 1901లో పన్నెండు. అంటే 'సంస్కరణ' జరిగాక కూడా పన్నెండేళ్ల పిల్ల మిల్లులో నిలబడొచ్చు.

నార దువ్వే గదుల్లో దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయేది. డాక్టర్లు దానికి బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. పత్తి దుమ్ముతోనూ వచ్చేది ఇదే జబ్బు. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి వెళ్లగానే రొమ్ము బిగుసుకుపోవడం దీని మొదటి లక్షణం.

1911 అక్టోబర్‌లో ఇక్కడి మిల్లుల్లో కొత్త రూల్సు పెట్టారు. పనిలో పాడితే జరిమానా, నవ్వితే జరిమానా, మాట్లాడితే జరిమానా, జుట్టు సరిచేసుకున్నా జరిమానా. వేలమంది ఆడవాళ్లు పని ఆపి బయటికొచ్చారు. వాళ్లకు తోడు నిలిచిన నాయకుడు జేమ్స్ కానలీ. సమ్మె గెలవలేదు. పస్తులతో ఎక్కువ రోజులు నిలవలేమని తెలిశాక ఆయన ఒక ఉపాయం చెప్పాడు. అందరూ కలిసి పాడుకుంటూనే లోపలికి వెళ్లండి, ఒక్కరిని పంపేస్తే అందరూ బయటికి వచ్చేయండి అన్నాడు. అలాగే వెళ్లారు. ఆ రూల్సు అమలు చేయడం ఎవరి తరమూ కాలేదు.

1941 ఏప్రిల్‌లో జర్మన్ విమానాలు బాంబులు వేసిన రాత్రి యార్క్ స్ట్రీట్ మిల్లు పెద్ద గోడ పక్క వీధుల్లోని ఇళ్లమీద కూలింది. ఆ ఇళ్లలో ఉన్నదీ కూలిజనమే. మిల్లు లాభం వాళ్ల ఇళ్లదాకా రాలేదు గానీ గోడ వచ్చింది.

పుస్తకంలో లేకపోతే

ఇవన్నీ మాకెలా తెలిశాయి? ఇక్కడ ఎవరో రాసిపెట్టారు, ఎవరో దాచిపెట్టారు కాబట్టి. టైటానిక్ మ్యూజియానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉత్తర ఐర్లాండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు ఉంది. పాత లినెన్ కంపెనీల కాగితాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మనలాంటివాళ్లం కూడా ఉచితంగా వెళ్లి, పేరు నమోదు చేయించుకుని, అడిగి తెప్పించుకుని చూడొచ్చు. లిస్టెడ్ భవనమైతే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. మేం చేసిన సైట్లలో ఇనుప స్తంభాల మీద ఇటుక కమానులతో కట్టిన అంతస్తులను కదిలించే ముందు ఫొటోలు తీసి, కొలతలు రాసుకున్నాకే సుత్తి ఎత్తనిచ్చారు. మొదట్లో మాకు విసుగే. రాన్రాను అర్థమైంది.

సూపర్‌వైజర్ పనిలో మొదట నేర్చుకునే పాఠం ఒక్కటే. సైట్‌లో జరిగినా రిజిస్టర్‌లో లేకపోతే జరగనట్టే. గల్ఫ్‌లో ఒక కంపెనీలో మాలో కొందరికి రెండు నెలల ఓవర్‌టైమ్ పోయింది. పని చేశాం, కాంక్రీటు కూడా కళ్లముందే ఉంది. గంటలు రాసిన షీట్లు మాత్రం 'దొరకలేదు'. అంతే, అడిగే హక్కు అక్కడితో ఆగిపోయింది.

బిస్సినోసిస్ విషయంలోనూ ఇదే జరిగింది. 1940ల మొదట్లో బ్రిటన్‌లో పత్తి కార్మికులకు ఈ జబ్బుకు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఇరవై ఏళ్ల సర్వీసు చూపించాలన్నారు. అది కూడా మగవాళ్లకే. అవిసె మిల్లుల వాళ్ల వంతు ఇంకా చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. ఇరవై ఏళ్లు పనిచేశానని దగ్గుతూ చెబితే సరిపోదు, కాగితం కావాలి. మన దేశ చట్టాల్లోనూ బిస్సినోసిస్ వృత్తివ్యాధుల జాబితాలో ఉంది. కానీ సీజన్ కూలీగా జిన్నింగ్ మిల్లులో పాతికేళ్లు పత్తి పోసిన అమ్మకు ఏ కాగితం ఉంది? ఆమె పేరు ఏ పుస్తకంలో ఉంది?

మన మిల్లుల మాట

వరంగల్ ఆజంజాహీ మిల్లు 1934లో నిజాం కాలంలో మొదలైంది. ఎన్నో వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. 2002లో మూతపడింది. కట్టడాలు పోయాయి, స్థలం ప్లాట్లయింది. ప్రభుత్వ మిల్లు కాబట్టి దాని గురించి కనీసం వార్తలైనా వచ్చాయి. గుంటూరు, ఆదోని చుట్టూ కుటుంబాలు నడిపిన జిన్నింగ్ మిల్లులు ఎన్ని లేచాయో ఎన్ని పోయాయో వరసగా చెప్పగలిగే మనిషి ఊళ్లో ఒక్కరో ఇద్దరో. వాళ్లూ పెద్దవాళ్లయ్యారు.

మిల్లు కుటుంబాలను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. నాలుగైదు నెలల సీజన్ కోసం ఏడాదంతా వడ్డీ కట్టాలి. కరెంటు బిల్లు, నిప్పు భయం, ధర పడితే నష్టం. పత్తిలో చిన్న రాయి వచ్చి నిప్పురవ్వ లేస్తే గోడౌనంతా బూడిద. పిల్లలు చదువుకుని బయటికెళ్లారు. ఊరు పెరిగి మిల్లు నడిబొడ్డుకొచ్చింది. ఎకరం ధర చూశాక మిల్లు నడపమని ఎవరంటారు? అమ్ముకోవడం వాళ్ల హక్కు.

మరి కొంటున్నదెవరు? మనమే. మిల్లు స్థలంలో లేచిన వెంచర్‌లో ప్లాట్లు, ఫ్లాట్లు బుక్ చేసేవాళ్లలో దుబాయ్, దోహా, లండన్, డల్లాస్‌ల నుంచి డబ్బు పంపేవాళ్లు తక్కువేం కాదు. వాట్సాప్‌లో బ్రోచర్ వస్తుంది, అడ్వాన్సు పోతుంది. ఆ నేలమీద ఏముండేదో బ్రోచర్‌లో ఉండదు. మన అమ్మో, మేనత్తో అక్కడే కూలికెళ్లి ఉండొచ్చు. పాత సామానుతో పాటు హాజరు పుస్తకాలు కూడా కిలోల లెక్కన పోతాయి. బీరువా ఖాళీ అవుతుంది, చరిత్రా ఖాళీ అవుతుంది.

'సెంటిమెంట్ తిండి పెడుతుందా?' అని అడిగేవాళ్లుంటారు. ఇది సెంటిమెంట్ కాదు. పీఎఫ్ ఖాతాలో పేరు తేడా వచ్చి పెన్షన్ ఆగినవాళ్లకు పాత జీతాల పుస్తకంలో ఒక్క పేజీ చాలు. ఊపిరాడక ఆస్పత్రికి వెళ్లిన మనిషికి ఎక్కడ పనిచేశారో తెలిస్తే డాక్టరు వేసే ప్రశ్నలే మారతాయి.

'మా లెక్కలు బయటపెడితే ఇన్‌కమ్ ట్యాక్స్‌వాళ్లు వస్తారేమో' అన్న భయమూ ఉంటుంది. నలభై, యాభై ఏళ్ల కిందటి హాజరు పుస్తకం చూసి ఎవరూ రారు. లాభనష్టాల పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకోండి. పనిచేసినవాళ్ల పేర్లు మాత్రం ఇవ్వండి.

మేం అడిగేది మూడు పనులు. మొదటిది, మిల్లు కుటుంబాల పిల్లలు మనలో ఉన్నారు. స్థలం అమ్మే ముందు హాజరు, జీతాల పుస్తకాలను ఫోన్‌తోనైనా పేజీపేజీ ఫొటో తీయించండి. అసలు పుస్తకాలు దగ్గర్లోని కాలేజీ లైబ్రరీకో, రాష్ట్ర ఆర్కైవ్స్‌కో ఇవ్వండి. అడిగితేగానీ ఎవరూ తీసుకోరు, మీరే తీసుకెళ్లి ఇవ్వాలి. రెండోది, మిల్లు స్థలంలో ఫ్లాటు కొనేవాళ్లు బిల్డర్‌ను ఒక్క బోర్డు అడగండి. ఇక్కడ ఫలానా మిల్లు ఉండేది, ఇన్నేళ్లు నడిచింది, ఇంతమంది పనిచేశారు అని. స్విమ్మింగ్ పూల్ అడిగి సాధించుకునేవాళ్లం, బోర్డు సాధించుకోలేమా? పాత జిన్ను ఒకటి గేటు దగ్గర నిలబెడితే ఇంకా మంచిది. మూడోది అందరికీ. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు మిల్లులో పనిచేసిన పెద్దవాళ్ల దగ్గర ఒక గంట కూర్చోండి. ఏ మెషిన్ మీద చేశావమ్మా, ఏ నెల నుంచి ఏ నెల దాకా, కూలి ఎంత, మగవాళ్లకెంత, పిల్లను ఎక్కడ పడుకోబెట్టేదానివి, దగ్గు ఎప్పుడు మొదలైంది అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఫొటోకు నవ్వమనడం కంటే ఇది ఆమెకు ఎక్కువ గౌరవం.

బెల్‌ఫాస్ట్‌వాళ్లు అన్నీ సరిగ్గా చేశారని మేం అనడం లేదు. ఇక్కడా ముందు దాచింది యజమానుల పేర్లనే. మిల్లు అమ్మాయిల మాటలు రాసుకోవడానికి చాలా ఆలస్యమైంది, అప్పటికి ఎందరో పోయారు. మన దగ్గర ఆ ఆలస్యం ఇంకా పూర్తికాలేదు. అమ్మలు ఉన్నారు, కొన్ని పుస్తకాలు బీరువాల్లో ఉన్నాయి, ఫోన్లు మన చేతుల్లో ఉన్నాయి. టికెట్ బుక్ చేసుకున్నవాళ్లు ఈ సెలవులోనే మొదలుపెట్టండి.